రాణిబొమ్మ చేతులు

ఇవాత్సుకి,
నవంబరు 3, 1997

మినాకో తల్లీ,

ఉత్తరాన్ని వాతావరణంతో మొదలుపెట్టడం మర్యాద అని నాకు బళ్లో నేర్పారు. సరే, గాలి పొడిగా ఉంది. బొమ్మల ముఖాలకు వేసిన పూత వేసినట్టే ఆరిపోతోంది. మర్యాద అయిపోయింది, ఇక విషయానికి వస్తాను.

చిహారు వచ్చే ఏప్రిల్లో పెద్ద బడిలో చేరుతుంది కదా. ఈలోగా మార్చిలో వచ్చే బొమ్మల పండుగకు దానికో రాజునీ రాణినీ చేసి పంపుదామనుకుంటున్నాను. అది పుట్టినప్పుడు పంపిన జత భూకంపంలో మీ పాత ఇంటి కింద పోయింది. పోయినందుకు నేను ఏనాడూ బాధపడలేదు. పిల్లకు రావలసిన కీడును తమ మీద వేసుకోవడమే ఆ బొమ్మల పని. ఇల్లంతా కూలినా పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదంటే, అవి తమ పని చేసే పోయాయన్నమాట. కానీ అప్పటి నుంచి పిల్లకు కాపలా లేదు. మీ అమ్మ ఉంటే అమ్మమ్మ హోదాలో అదే పంపేది. అది లేదు కాబట్టి ఆ హక్కు నాది.

నాకు చిహారు ఫోటో ఒకటి కావాలి. ఆరుబయట, పగటి వెలుగులో తీసింది. ఫ్లాష్ వద్దు, నీడలో వద్దు. ఎందుకని అడగకు.

ఈ మాత్రం ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు. ఈమధ్య కుడిది కూడా దానితో జట్టు కట్టింది. పైగా ఫోన్ దుకాణంలో ఉంది. నేను అరిచి మాట్లాడుతుంటే పక్కింటి ఒతాకె గారు చేస్తున్న పని ఆపి మరీ వింటుంది. ఆవిడకు అంత వినోదం నేనెందుకు కల్పించాలి?

ఎబోకి కారం చల్లిన బియ్యపు అప్పాలు ఒక డబ్బా పంపుతున్నాను. పోయినసారి వచ్చినప్పుడు డబ్బా ఖాళీ చేసి, "అడుగున ఇంకా ఉన్నాయేమో చూడు పెద్దమ్మా" అన్నాడు. అల్లుడంటే అలా తినాలి. ఈ డబ్బా ఆయనది, నువ్వు చేయి పెట్టకు.

మీ పెద్దమ్మ,
హత్సుయే

*

కోబె,
నవంబరు 19, 1997

పెద్దమ్మా,

ఇక్కడ గాలి పొడిగానూ లేదు, తడిగానూ లేదు, జిగురు కంపు కొడుతోంది. చెప్పుల ఫ్యాక్టరీ వాళ్లు కుట్టమని ఇచ్చిన తోలుముక్కలు ఇంట్లో గుట్టగా పడున్నాయి. వాటిని పక్కకు తోసి ఇది రాస్తున్నాను.

పగటి వెలుగులో తీసిన ఫోటో కావాలన్నావు, ఎందుకని అడగకు అన్నావు. అడగను. కానీ పిల్ల రంగు ఎంతుందో చూడాలని సరదా పడేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు పెద్దమ్మా. వాళ్లు ఎంతో మర్యాదగా, "పాప ఎండలో బాగా ఆడుతుందనుకుంటా" అంటారు. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసు. తెలిసినా గుచ్చుకుంది. లోపల దాచుకోవడం కంటే రాసేయడం నయమని రాశాను.

పగటి ఫోటో లేదు, ఇది ఉంది. ఏడో ఏటి మొక్కు కోసం ఈ నెల పదిహేనున పిల్లను గుడికి తీసుకెళ్లాం. ముందుగా ఫోటో స్టూడియోలో అలంకరణ. ముస్తాబు చేసే ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క పౌడరు. "వాళ్ల నాన్నగారు ఏ దేశం?" అంటూ ఒక పొర వేసింది. ఘనా అన్నాను. "అదెక్కడండీ?" అంటూ ఇంకో పొర. ఆఫ్రికా పటం అంతా చెప్పేసరికి పిల్ల ముఖం బూడిద గుమ్మడికాయలా తయారైంది. అది మాత్రం అద్దంలో చూసుకొని తెగ మురిసిపోయింది. తరవాత కిందికి చూసుకొని, "ఆంటీ, చేతులకి రాయలేదేంటి?" అంది. "కిమోనోలో దాక్కుంటాయిలే పాపా" అందావిడ. దాక్కోలేదు. మిఠాయి సంచీ పట్టుకొని రెండు చేతులూ ముందుకు పెట్టి నిలబడింది, చూడు.

ఎబో ఫోటోను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. చివరికి, "చేతులు మాత్రం మన పిల్లవే" అన్నాడు.

రాజూ రాణీ వస్తున్నారనగానే చిహారు కాళ్లు నేల మీద ఆనడం లేదు. పండుగ నాడు మదోకానీ ఇంకో ఇద్దరినీ ఇంటికి పిలుస్తుందట. మదోకా అంటే బాలబడిలో దీని పక్కన కూర్చునే అమ్మాయి. మా ఇంటికి ఇంతవరకు ఏ పిల్లా ఆడుకోవడానికి రాలేదు. వాళ్ల అమ్మలు పంపం అని చెప్పరు, ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది వాళ్లకి. అందుకే నాకు భయంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

నువ్వు మా కోసం శ్రమపడి ప్రత్యేకంగా ఏమీ చేయవద్దు. ఎప్పుడూ చేసేలాంటివే చాలు.

నీ మినాకో

*

ఇవాత్సుకి,
డిసెంబరు 14, 1997

మినాకో,

మంచు పడలేదు, పడేలా ఉంది. ఆకాశం పని వాయిదా వేస్తోంది.

ఫోటో అందింది. ముఖం సంగతి నేను మాట్లాడను. బొమ్మలకు పూత వేసి బతికే నేను కూడా ఒక ముఖానికి అంత పూత వేయను. చేతులు బాగా పడ్డాయి, నాకు అది చాలు.

గుచ్చుకుందని రాశావు, మంచి పని చేశావు. చిన్నప్పుడు సూది దిగినా పెదవి బిగపట్టి కూర్చునేదానివి. మీ అమ్మ చనిపోయిన ఏడాదైతే మరీనూ. ఎబో పుణ్యమా అని నీకు నోరొచ్చింది.

"ప్రత్యేకంగా ఏమీ వద్దు, మామూలువే చాలు" అన్నావు చూడు, దానికి మాత్రం నవ్వొచ్చింది. దుకాణానికి వచ్చే ప్రతి అమ్మమ్మా ఇదే మాట అంటుంది. పోనీలే పాపమని మామూలువి చూపిస్తే మూతి ముడుచుకొని వెళ్లిపోతుంది. మర్యాదలు బాగానే నేర్చావు. నీ మర్యాద నువ్వు చేశావు, ఇక నా పని నన్ను చేసుకోనీ.

ఈ వయసులో నేనొక కొత్త రంగు కలపడం నేర్చుకుంటున్నాను. కలపడం, ఆరబెట్టడం, చూసి తిట్టుకోవడం, పారబోయడం. వారం నుంచి ఇదే నా జీవితం. ఇంకేమీ చెప్పను.

సుగాయాతో మళ్లీ మాటామాటా వచ్చింది. నీకు గుర్తుందా, చేతులు చేసే సుగాయా? మా ఊళ్లో తలలు చేసేవాళ్లు తలలే చేస్తారు, చేతులు చేసేవాళ్లు చేతులే చేస్తారు, ఎవరి పని గొప్పదో తేలేలోగా ముసలివాళ్లం అవుతాం. "నీ ముఖాలు ఎవరు చూస్తారు హత్సుయే? అందరూ చేతులే చూస్తారు" అన్నాడు. ఆయనకు టీ పోయలేదు.

ఈ చలిలో కాళ్లు తడవకుండా చూసుకో.

పెద్దమ్మ

*

కోబె,
జనవరి 19, 1998

పెద్దమ్మా,

మొన్న పదిహేడు, భూకంపం వచ్చిన రోజు. తెల్లవారకముందే లేచి, పాత ఇల్లున్న చోట కొవ్వొత్తి పెట్టి వచ్చాం. అక్కడిప్పుడు కార్లు పెట్టుకుంటున్నారు. చిహారుకి ఆ ఇల్లు గుర్తులేదు, మొదటి జత బొమ్మలూ గుర్తులేవు. మనకున్నాయి, చాలు.

కొత్త రంగు అన్నావు, రాణి పట్టుబట్టలకేనా? అయితే పిల్ల కోరిక చెబుతున్నా, ఎరుపు.

బాలబడిలో మా కుటుంబం అని బొమ్మ గీయమన్నారట. రంగుపుల్లల డబ్బాలో ఒకదాని మీద "ఒంటిరంగు" అని పేరు ఉంటుంది కదా, లేత గులాబీగా ఉండేది. చిహారు దానితో నన్నూ, తననూ, వాళ్ల నాన్ననూ ముగ్గురినీ ఓపిగ్గా నింపింది. పుల్ల గోరంత మిగిలింది. ఎబో చూసి, "మధ్యలో ఈయన ఎవరే?" అన్నాడు.

"నువ్వే నాన్నా."

"నాకేమైంది? జ్వరమా?"

"ఒంటిరంగంటే అదే నాన్నా. పుల్ల మీద రాసుంది. కావాలంటే చదువుకో."

ఎబో పుల్ల తీసుకొని నిజంగానే చదివాడు. "అవును, రాసుంది" అని ఒప్పుకున్నాడు. ఆ బొమ్మను ఓడల యార్డుకి తీసుకెళ్లి తన లాకరు తలుపుకి అంటించుకున్నాడట. తోటి వెల్డర్లు అడిగితే, "నేను ఎండకు పోకుండా సెలవులో ఉన్నప్పుడు గీసింది" అంటున్నాడట.

నేను అంత తేలిగ్గా నవ్వలేకపోయాను. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊరి యాసలో తిట్టే పిల్లను పట్టుకొని కూరగాయల కొట్టు ముసలాయన, "మన భాష ఎంత బాగా వచ్చేసిందో" అని మెచ్చుకుంటాడు. ఇలాంటి పిల్లల్ని "సగం" అంటారు కదా. ఎబో అయితే "పై సగమా, కింద సగమా?" అని అడుగుతాడు. నాకు జవాబు ఇంటికొచ్చాక తోస్తుంది.

చిహారు రోజూ ఒకటే ప్రశ్న. "మన రాణి కూడా మదోకా వాళ్ల రాణిలాగే ఉంటుందా?" వాళ్లది మదోకా అమ్మమ్మ కాలం నాటి జత. "ఉంటుంది" అని రోజూ చెబుతున్నాను. పండుగకు వస్తామని ముగ్గురు పిల్లలూ మాట ఇచ్చారు. వాళ్లలో ఒకరి అమ్మ స్వయంగా ఫోన్ చేసి, తన పిల్ల ఏం తింటుందో ఏం తినదో చెప్పింది. నాకు ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

నీ మినాకో

*

ఇవాత్సుకి,
ఫిబ్రవరి 8, 1998

మినాకో,

ఆలుబుఖారా చెట్టు ఒక్క పువ్వు పూసి, తొందరపడ్డానేమో అన్నట్టు ఆగింది.

బొమ్మలు ఈ రోజు పంపాను. రంగు కుదిరింది. బట్టలు ఎరుపే. మదోకా వాళ్ల రాణికి మన రాణి ఎందులోనూ తీసిపోదని చిహారుకి నా మాటగా చెప్పు. పెట్టె దాని చేతే తెరిపించు. అప్పుడు దాని ముఖం ఎలా ఉందో దాచకుండా రాయి. మూడు నెలలు నేను దానికోసమే చేశాను.

పండుగ మర్నాడే బొమ్మల్ని తీసి పెట్టెలో పెట్టేయాలి, మరచిపోకు. ఆలస్యమైతే పిల్లకు పెళ్లి ఆలస్యమవుతుంది. నా చిన్నప్పుడు మా అమ్మ వానాకాలం దాకా తీయలేదు. ఫలితం నీకు ఉత్తరాలు రాస్తోంది.

పెద్దమ్మ

*

కోబె,
ఫిబ్రవరి 15, 1998

పెద్దమ్మా,

దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను.

పెట్టె చిహారే తెరిచింది. పల్చటి కాగితం తీసింది. రాణిని చూసింది. రాజుని చూసింది. మళ్లీ కాగితం కప్పేసి, నిద్రపోయేవాళ్లకు దుప్పటి సర్దినట్టు అంచులు సర్ది, మూత పెట్టేసింది. "పెద్దమ్మమ్మ వేరేవాళ్లవి పంపేసింది. తిరిగి పంపేద్దాం అమ్మా" అంది.

"కాదే, నీకోసమే చేసింది."

"నాకోసమైతే నల్లగా ఎందుకుంటుంది? రాణులు తెల్లగా ఉంటారు."

నేను ఏదో చెప్పబోయాను. అది వినకుండా, "పండుగకి ఎవరూ రావద్దు. జ్వరమని చెప్పు" అంది. ఎవరికని అడిగాను. "నాకు" అని వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

పెద్దమ్మా, అవి అందంగా ఉన్నాయి. ఇంత అందమైన పని నువ్వు ఇంతకుముందు చేయలేదు. అందుకే నాకు ఇంకా కోపంగా ఉంది. గడప దాటితే చాలు, ప్రతివాళ్లూ నువ్వు వేరు అని దానికి గుర్తు చేస్తారు. మెచ్చుకుంటూ కూడా గుర్తు చేస్తారు. ఇల్లొక్కటే ఆ మాట అనేది కాదు. నువ్వు ఆ మాటను పట్టుబట్ట కట్టి, పెట్టెలో పెట్టి ఇంట్లోకి పంపావు. మామూలువి చాలు అని నేను రాసింది మర్యాదకు కాదు, బతిమాలుకున్నాను.

ఎబోకి కోపం లేదు. రాజుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చూసి, "మా మేనమామలా ఉన్నాడు. పెళ్లిభోజనం చేసి లేచిన మేనమామలా" అన్నాడు. తరవాత గోడవైపు తిరిగి పడుకున్న పిల్లను చూసి, బొమ్మను మెల్లగా పెట్టెలో పెట్టేశాడు. ఆయన అలా పెట్టడం చూడలేకపోయాను.

ఆ ముగ్గురు అమ్మలకీ ఏం చెప్పాలో తెలియడం లేదు.

కోపంగానే అయినా, నీ
మినాకో

*

ఇవాత్సుకి,
ఫిబ్రవరి 21, 1998

మినాకో,

నీ ఉత్తరం చదివి నాకూ కోపం వచ్చింది. జవాబు రాశాను, చించేశాను. నిన్న ఇంకోటి రాశాను, అందులో సుగాయాని తిట్టాను, అదీ చించాను. ఇది మూడోది.

ఎందుకు చేశానో చెబుతాను. నీ కోపం పోవడానికి కాదు, నీకు తెలియడానికి. మీద పడబోయే కీడు ఇంట్లోకొచ్చి పిల్లను వెతుకుతుంది. పిల్లకు బదులు బొమ్మను చూసి, ఇదే కాబోలనుకొని దాన్ని పట్టుకుపోవాలి. నేను చిన్నప్పటి నుంచి నమ్మినది ఇదే. మరి సున్నం పూసినట్టున్న బొమ్మను చూసి, ఇది మన చిహారే అని కీడు ఎలా పొరబడుతుంది? మొదటి జత చేసేటప్పుడు నేను పిల్లను చూడలేదు. ఎప్పుడూ వేసే తెలుపే వేశాను. ఇల్లు కూలిన రోజు నుంచి నన్ను ఆ భయం వదలలేదు. బయటపడింది మన అదృష్టం, నా పనితనం కాదు అనిపించింది. ఈసారి గురి తప్పకూడదనుకున్నాను.

ఫోటోలో ముఖం నుంచి రంగు తీసుకోలేకపోయాను, చేతుల నుంచి తీసుకున్నాను. బొమ్మలకు పూసే ఆల్చిప్పల తెలుపులో సిరా కలిపితే ఆరాక శవం రంగు వచ్చింది. ఎర్రమట్టి కలిపితే పూలకుండీ అయింది. చివరికి కుదిరిన రోజు తలలు వరసగా ఆరబెట్టి కూర్చుంటే సుగాయా వచ్చి, "ఇంకా పూత వేయలేదేం? పచ్చి రంపపు పొట్టు ముద్దలే ఉన్నాయి" అన్నాడు. "వేశాకే ఇలా ఉన్నాయి, కళ్లజోడు పెట్టుకో" అన్నాను. దగ్గరికొచ్చి చూశాడు. ఏమీ అనకుండా వెళ్లి, మర్నాడు అదే రంగు చేతులు చేసి తెచ్చాడు. ఆ రోజు టీ పోశాను.

పిల్లకు ఏం కావాలో అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. కీడు గురించి ఆలోచించాను గాని, మదోకా గురించి ఆలోచించలేదు. నీ పిల్లకు కాపలా పెట్టబోయి, దాని మనసు నేనే నొప్పించాను. చాలా బాధగా ఉంది మినాకో.

తెల్ల తలలు రెండు వేరే పార్సిల్లో పంపుతున్నాను. తల కింద పుల్ల ఉంటుంది, అది మెడలోకి దిగి ఉంటుంది. తలను అటూ ఇటూ తిప్పకుండా నిటారుగా పైకి లాగు, వచ్చేస్తుంది. కొత్తది గుచ్చు. అంతే. పండుగ చెయ్యి, పిల్లల్ని రానీ. నేను చేసిన ఆ తలల్ని మాత్రం తిరిగి పంపకు. బీరువాలో ఏ మూలో ఉండనీ. కీడుకి కళ్లున్నాయేమో ఎవరికి తెలుసు?

పెద్దమ్మ

*

కోబె,
మార్చి 4, 1998

పెద్దమ్మా,

తెల్ల తలలు రెండో తారీఖు సాయంత్రం వచ్చాయి. నీ ఉత్తరం అంతకుముందే వచ్చింది. చదివి వంటింట్లో కూర్చొని ఏడ్చాను. నిన్ను అన్న మాటలు తప్పని కాదు. నువ్వు ఆ రంగు కోసం ఒక్కదానివే కూర్చొని అన్నిసార్లు కలిపి పారబోశావని.

చిహారు తానే తలలు మార్చింది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, నిటారుగా లాగి, తెల్ల తల గుచ్చింది. బొమ్మను పీట మీద పెట్టి వెనక్కి జరిగింది. అప్పుడు ముగ్గురం ఒకేసారి చూశాం.

పెద్దమ్మా, నువ్వు తలలు పంపావు. చేతులు పంపలేదు.

తెల్లటి ముఖం, ఎర్రటి పట్టుబట్ట, అందులోంచి విసనకర్ర పట్టుకున్న రెండు గోధుమరంగు చేతులు. ఎబో నావైపు చూశాడు. నేను పిల్లవైపు చూశాను. మర్నాడే పండుగ. ఇప్పుడు మళ్లీ మూత పెట్టి గోడవైపు తిరుగుతుందనుకున్నాను. అది దగ్గరికి వెళ్లి వంగి, చాలాసేపు చూసింది.

"ఓ, పౌడరు రాసుకుందా" అంది.

"ఏంటే?"

"గుడికెళ్లినప్పుడు నాకు రాశారు కదా, అలాగ. దీనిక్కూడా చేతులకి రాయడం మర్చిపోయారు ఆంటీ వాళ్లు."

జ్వరం మాట మళ్లీ ఎత్తలేదు.

నిన్న పిల్లలు వచ్చారు. పులుపన్నం, గవ్వల పులుసు చేశాను. చెప్పుల తోలంతా స్నానాలగదిలో దాచాను. మదోకా రాగానే పీట దగ్గరికి వెళ్లి, "మీ రాణి చేతులేంటి అలా ఉన్నాయి?" అంది. పళ్లెం పట్టుకొని ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబడిపోయాను.

చిహారు మాత్రం తడుముకోలేదు. "అవి దాని చేతులే. ముఖానికి పౌడరు. పెళ్లి కదా మరి. కడుక్కున్నాక చూస్తావా?" అని తెల్ల తల పైకి లాగి, నువ్వు చేసిన తల గుచ్చింది.

పిల్లలందరూ పీట చుట్టూ చేరారు. తరవాత మదోకా, "మళ్లీ రాయి" అంది. చిహారు రాసింది. "మళ్లీ కడుగు" అంది ఇంకో అమ్మాయి. ఇక మధ్యాహ్నమంతా అదే ఆట. నీ తలలు అరిగిపోతాయేమోనని నేను వద్దు వద్దంటూనే ఉన్నాను, ఎవరు వింటారు? ఎబో పనినుంచి వచ్చేసరికి మదోకా ఆయన చేతులు చూసి, ముఖం చూసి, "అంకుల్, మీరు పెళ్లప్పుడు పౌడరు రాసుకోలేదా?" అని అడిగింది. "టైం లేకపోయిందమ్మా, మీ ఆంటీ తొందరపెట్టింది" అన్నాడు.

వెళ్లేముందు మదోకా గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "మా రాణి కూడా కడిగితే ఇలాగే ఉంటుందా?" అంది. "అందరూ అంతే" అని చెప్పింది చిహారు, తానేదో లోకమంతా తిరిగొచ్చినట్టు.

బొమ్మల్ని ఈ రోజు తీసేయాలని నాకు గుర్తుంది. అది తీయనివ్వడం లేదు. "రాణి ఇప్పుడే ముఖం కడుక్కుంది, కాసేపు కూర్చోనీ" అంటోంది.

మార్చి 5

ఇది కవర్లో పెట్టి అంటించబోతుంటే తలుపు తట్టారు. మదోకా వాళ్లమ్మ. చేతిలో బట్టలో చుట్టిన మూట, వెనకాల మదోకా. ఆవిడ మూట విప్పింది, లోపల వాళ్ల రాణి తల. మదోకా నిన్న రాత్రి వేడినీళ్లలో తువ్వాలు ముంచి వాళ్ల రాణి ముఖం కడిగిందట. నుదురు నుంచి ముక్కు దాకా పూత మొత్తం ఊడిపోయింది. కింద గోధుమరంగు.

నేను నేలకు తల ఆనించి క్షమాపణ చెప్పాను. "మా అమ్మ బొమ్మండీ ఇది" అని ఒక్క మాట అని ఆవిడ ఊరుకుంది. అరిచినా బాగుండేది. ఆవిడ వెనకాల నుంచి మదోకా తల బయటపెట్టి, "చిహారూ, నువ్వు చెప్పింది నిజమే. మా రాణి కూడా కింద ఇలాగే ఉంది" అని మెరిసే కళ్లతో చెప్పింది. "చెప్పానా" అంది మనది.

వాళ్లమ్మ మా పీట వైపు చూసింది. కడుక్కున్న ముఖాలతో రాజూ రాణీ కూర్చొని ఉన్నారు. ఆవిడ లేచి దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకొని, వాళ్లనూ తన చేతిలోని తలనూ మార్చి మార్చి చూసింది. "నిజంగానే ఒకటే రంగండీ" అంది నెమ్మదిగా. తరవాత, "ఇవి ఎవరు చేశారు?" అని అడిగింది. మా పెద్దమ్మ అన్నాను. బాగుచేస్తారా అంది. చేస్తుందన్నాను. టీ తాగి వెళ్లింది పెద్దమ్మా. మా ఇంట్లో కూర్చొని టీ తాగింది. పిల్లలిద్దరూ అంతసేపూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.

తల పంపుతున్నాను. నాకో సంగతి అర్థం కావడం లేదు. నేను నీ దుకాణంలో పెరిగాను. రంపపు పొట్టు ముద్దతో చేసిన ఆ పచ్చి తలలు నా చుట్టూ వరసలు వరసలుగా ఆరుతుండేవి, వాటి మధ్యే లెక్కలు చేసుకునేదాన్ని. ఒక్కరోజు కూడా వాటికి ఒక రంగు ఉందని అనుకోలేదు. ఇంకా తెలుపు వేయలేదు అనే అనుకున్నాను.

నీ మినాకో

*

ఇవాత్సుకి,
మార్చి 13, 1998

మినాకో తల్లీ,

వాతావరణం గురించి రాసే తీరిక లేదు. బయట చూసుకో.

తల క్షేమంగా చేరింది. పాతకాలపు పని, ఎంత చక్కటి ముక్కో. ఎవరు చేశారో గాని చేయి తిరిగినవాడు. మదోకా చేసిన నష్టం పైపైనే, లోపల ఏమీ కాలేదు. వాళ్లమ్మకు ఆ మాట చెప్పు. ఉన్నది ఉన్నట్టుగా చేసిపెట్టమని ఆవిడ కార్డు రాసింది. అలాగే చేస్తాను. అది ఆవిడ వాళ్లమ్మ నాటి ముఖం, నాకు దానిలో చేయి పెట్టే హక్కు లేదు. కార్డు అడుగున మదోకా కూడా తన రాతలో ఒక ముక్క రాసింది. కడుక్కున్న తల కూడా ఒకటి కావాలట, చిహారుకి ఉన్నట్టే. ఆ రంగు ఎలా కలపాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. అదీ చేస్తున్నాను.

చేతుల సంగతి సుగాయాకి చెప్పకుండా ఉండలేకపోయాను. నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకు. "తలల వాళ్లకి చేతులు ఎప్పుడు గుర్తున్నాయి గనక" అన్నాడు. ఒతాకె గారు పని ఆపి విన్నది. తెల్ల చేతులు చేసి ఇస్తాను, పంపించు అన్నాడు. వద్దన్నాను.

బొమ్మల్ని తీయనివ్వకపోతే ఉండనీ. పెళ్లి ఆలస్యమైతే కానీ. నేను బతకలేదా? అయినా కొలువు తీరిన కాపలావాళ్లను తొందరగా లేపడం ఎందుకు? చిహారు బడిలో చేరే రోజుకి నేనే వస్తున్నాను, తలలు రెండూ ఒళ్లో పెట్టుకొని రైల్లో. అప్పాల డబ్బా కూడా తెస్తున్నానని ఎబోకి చెప్పు. వచ్చాక చిహారుతో కలిసి నేనే తీసి సర్దుతాను, అదీ అది సరేనంటేనే.

పచ్చి తలల గురించి నువ్వు రాసిన మాట నన్ను వదలడం లేదు. నేనూ అంతే మినాకో. ఇన్నేళ్లుగా నా చేతుల్లోకి వచ్చిన ప్రతి ముఖమూ ఆ రంగుతోనే వచ్చింది. నేను తెలుపు వేశాకే దాన్ని ముఖం అన్నాను. పౌడరు రాస్తున్నానని నాకు ఎవరూ చెప్పలేదు, ఆరేళ్ల పిల్ల చెప్పేదాకా.

ఈ పొద్దున మదోకా వాళ్ల రాణికి మొదటి పూత వేయడానికి కూర్చున్నాను. పూత కళ్ల మీద కూడా పడుతుంది, ఆరాక కత్తి మొనతో కళ్లు తెరుస్తాం, నీకు తెలుసు కదా. కుంచె ముంచి, తలను ఎడమచేతిలోకి తీసుకొని, ఎన్నడూ లేనిది, ఎందుకో బొమ్మతో మాట్లాడాను. "కళ్లు మూసుకో తల్లీ, పౌడరు పడుతుంది" అన్నాను.

మీ పెద్దమ్మ,
హత్సుయే